రీబ్రీదర్ గురువుపై అమ్మ దండయాత్ర

“వదిలిన ఊపిరే మళ్లీ పీల్చడమేమిటే? ఎంగిలి ఊపిరి కాదూ అది? పైగా ఒక్క బుడగైనా పైకి రాదంటున్నావు. మరి కింద నువ్వున్నావో లేదో ఒడ్డున ఉన్నవాళ్లకి ఎలా తెలుస్తుందే?”

ఇంకను ఏమియు జరుగకమునుపే, జరుగబోవు సమస్తమును కన్నులారా కాంచినట్లు వెలువడిన యీ ఆక్రందనము పుట్టిన సమయమెట్టిదందురా? తూరుపు కిటికీ చువ్వల నీడలు వంటింటి గచ్చుపై నిచ్చెనవలె పరచుకొని, పొయ్యిమీది పాలు పొంగుదమా మానుదమా యని తర్కించుకొనుచుండగా, పక్కవాటావారి మిక్సీ రణభేరివలె మ్రోగుచుండగా, సెలవురోజు కదాయని లోకమెల్ల మరొక్క కునుకునకు యత్నించు ప్రాతఃకాలము. స్థలమెట్టిదందురా? లిఫ్టు లేని మేడలో మూడవ అంతస్తున, మెట్లెక్కి వచ్చినవాడు ముందు మంచినీళ్లడిగి పిమ్మట వచ్చిన పని చెప్పునంతటి ఎత్తున వెలసిన రెండుగదుల యిల్లు.

పలికినదెవ్వరందురా? తాళంకప్ప త్రివారాకర్షణ ధురంధర, గ్యాసుమీట పునఃపునఃపరీక్షాపరాయణ, మబ్బుతునక లేని మండుటెండలో సైతము గొడుగు విడువని దూరదృష్టిసంపన్న, ఎదుటివాడు తుమ్మినచో ఆసుపత్రికి ఏ బస్సు పోవునో తలపోయు దయాసముద్ర, బడిలో ఎనిమిదవ తరగతితో ఆగినను ఆపదల శాస్త్రమున మాత్రము ఆరితేరిన మహాపండిత. ఆమె యెవరో కాదు, అమ్మ.

ఇక ఆ ఎంగిలి ఊపిరి కోరుచున్నది ఆమె ఏకైక పుత్రిక. సముద్రములోని చేపలను లెక్కించు ఆఫీసులో కొలువు. మామూలు సిలిండరు వీపున కట్టుకొని దిగినచో, ఊపిరి ఊపిరికి గుబగుబమని బుడగలు లేచును; ఆ చప్పుడునకు బెదరి చేపలు లెక్కకు అందక పారిపోవును. రీబ్రీదరను యంత్రమున్నచో ఆ బాధ లేదు. వదిలిన గాలి బయటకు పోక పెట్టెలోని సున్నపు గుళికల గుండా తిరిగివచ్చును. చెడుగాలిని గుళికలు మ్రింగును. తగ్గిన ప్రాణవాయువును యంత్రము కలుపును.

“చప్పుడే ఉండదమ్మా. చేప మన పక్కకే వచ్చి నిలబడుతుంది,” అన్నది కూతురు కన్నులు మెరయ.

“చేప నిలబడితే సరిపోయిందా? నువ్వు నిలబడొద్దూ?”

పేపరు కోట వెనుకనుండి నాన్న శాంతివచనము పలికెను. “మంచివాళ్ల దగ్గర నేర్చుకుంటే ఏం కాదులేవే.”

“మీరు ఊరుకోండి. మీకు పాలు పొంగినా ఏం కాదు.”

అంతట పాలు పొంగెను. నాన్న పేపరు కోటలోనికి ఉపసంహరించుకొనెను.

అప్పుడు కూతురు పొయ్యి ఆర్పి, గుడ్డతో గట్టు తుడుచుచు, అమ్మ కేసి చూడకయే సంధిషరతు ప్రకటించెను. “చూడమ్మా. నేర్పేవాళ్లు ముగ్గురున్నారు. ఎవరి దగ్గర చేరేదీ, సెలవైనా సరే, సాయంత్రంలోగా మా పెద్దసారుకి చెప్పాలి. ముగ్గుర్నీ నువ్వే చూడు, నువ్వే అడుగు. నువ్వు ఎవర్ని సరేనంటే వాళ్ల దగ్గర చేరతా. ముగ్గురూ వద్దంటే ఇంక ఆ మాటెత్తను. ఆ పని పక్క సీటాయనకి ఇచ్చేస్తారు. ఇవ్వనీ.”

ఆ “ఇవ్వనీ” యను మాట కొంచెము జీరబోయెను. అమ్మకది వినబడెను, కాని యుద్ధమునకు పోవువారు అట్టివి విననట్లుండవలెను కదా. ముగ్గురే గదా! కొత్త బకెట్టులో రాబోవు పగులును, నవ్వుచున్న పెళ్లికొడుకులో రాబోవు బట్టతలను కనిపెట్టగల తన దృష్టికి ముగ్గురు శిక్షకులొక లెక్కా? మువ్వురియందును మూడు లోపములు వెదకి, మధ్యాహ్నపు కాఫీ వేళకు బిడ్డను నేలమీదనే నిలిపెదనని ఆమె మనస్సున భీషణప్రతిజ్ఞ చేసెను. పైకి మాత్రము “సరే, నీ ఇష్టం” అనెను.

పిమ్మట ఆయుధధారణము. చేతిసంచియందు టార్చిలైటు, దెబ్బకు కట్టు, వాంతికి కవరు, నీరసమునకు బిస్కెట్లు, తెగినదానికి పిన్నీసులు, కుడిచేత గొడుగు, నాసికాగ్రమున కళ్లద్దాలు. నాన్న లోపలనే యున్నను మరచి తలుపునకు బయటినుండి తాళము వేసి, లాగి, మరల లాగి, రెండు మెట్లు దిగి, తిరిగివచ్చి మూడవమారు లాగెను.

“పడిందమ్మా తాళం.”

“పడిందని తాళం చెప్పిందా నీకు?”

“తాళం కాదు, నాన్న చెబుతున్నారు. లోపలి నుంచి తలుపు కొడుతున్నారు.”

తాళము తీయబడెను. దండయాత్ర మరల మొదటినుండి మొదలయ్యెను.

మొదటి దుర్గము పెద్దబజారున నున్నది. అద్దాల తలుపు, చల్లని గాలి, గోడనిండ బొమ్మ చేపలు, దీపపు కాంతిలో తళతళలాడు యంత్రములు. వాని నడుమ, రెండు చెవులదాక నవ్వు సాగదీసి నవ్వుల మాస్టారు కుర్చీ జరిపెను.

“కూర్చోండి ఆంటీ. ఏం టెన్షన్ పడకండి. శని, ఆదివారాల్లో కోర్సయిపోతుంది. సోమవారం పొద్దున్నే పాప ఆఫీసుకెళ్లిపోవచ్చు.”

“దీనికి సైకిలు నేర్పడానికి నాకొక వేసవంతా పట్టింది బాబూ. అదీ నేల మీద,” అని అమ్మ తొలి బాణము సంధించెను. “వీటిలో ఏ మెషిను మీద నేర్పుతారు?”

“మీరు ఏది కొంటే దాని మీదే ఆంటీ! అన్నీ వచ్చు మనకి.”

“మీరు దేంతో దిగుతారు? నేర్పడానికి కాదు, మీ మటుకు మీరు దిగాలనిపించి దిగేటప్పుడు?”

నవ్వు ఒక చెవివద్ద కొంచెము సడలెను. “నాకు టైమెక్కడిదాంటీ... షాపు చూసుకోవాలి కదా. కానీ మా రికార్డు చూడండి. ఇంతమందికి నేర్పాం, ఫెయిలైనవాడు ఒక్కడు లేడు!”

అంతట అమ్మ కోపారుణనేత్రయై, గొడుగు నేలపై తాటించి, “ఓయి మందహాసమహారాజా! తనకు రానిది లేదను వాని చేతను, తన యొద్ద ఓడినవాడు లేడను వాని చేతను నా గర్భఫలమును పెట్టుటయా? అందరిని దాటించు వాకిలి వాకిలియా, అది గోడకు పడిన కన్నము గాక!” అని సింహనాదము చేసెను. అనగా, ఆమె నోట వెలువడినది నిజమునకిది:

“మా వీధిలో కారు నేర్పేవాడొకడున్నాడు బాబూ. వాడి దగ్గర కూడా అందరూ పాసే. పాసైనవాళ్లు మా మేడ గోడకి రెండుసార్లు గుద్దారు. వస్తాం.”

మొదటి దుర్గము కూలెను. వీధిలోనికి రాగానే కూతురన్నది, “నాకూ నచ్చలేదులే అమ్మా. అన్నీ వచ్చన్నాడంటే ఏదీ సరిగ్గా రాదన్నమాట.” శత్రుపక్షమునుండి వచ్చిన యీ సమర్థనమునకు అమ్మ కొంచెము ఖంగుతినెను, అయినను ఒక బిస్కెట్టు బహుమానముగా ఇచ్చెను.

రెండవ దుర్గము ఒక ఈతకొలను గట్టు. అచట వెడల్పైన రొమ్ము, దానిపై గాటు, గాటుపై ఒక కథ, కథపై మరియొక కథ గల శూరుడు కాళ్లు నీట వేలాడవేసి కూర్చుండెను. అతని శిష్యులే అతనికి గండాల గురువని పేరిడిరి.

“అమ్మా, మీరు నన్ను చూసి ధైర్యంగా ఉండొచ్చు. ఒకసారి గుహలో చిక్కుకుపోయా. ఒకసారి గాలి అయిపోయింది. ఒకసారి పైకొచ్చేసరికి పడవే లేదు. అన్నిసార్లూ నవ్వుతూ బయటపడ్డా!”

“అన్ని గండాలూ మీకే ఎందుకొచ్చాయి బాబూ?”

శూరుడు రొమ్ముపై గాటును గోకుకొనెను. ఈ ప్రశ్న అతనిని ఇంతవరకు ఎవ్వరును అడుగలేదు కాబోలు.

“దిగేముందు అన్నీ సరిచూసుకోవడానికి ఏదో కార్డు ఉంటుందటగా, ఒక్కొక్కటీ పైకి చదవాలట. మీరు చదవరా?” అని కూతురడిగెను.

“అవన్నీ కొత్తవాళ్లకి చెల్లీ. నాకు వేళ్లకే తెలిసిపోతుంది.”

“ఒక్కసారికి ఎంతమందిని తీసుకెళ్తారు?” అని అమ్మ.

“ఎనిమిది మందినైనా సరే, ఒంటిచేత్తో!”

“ఒక్కదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఇన్నేళ్ల బట్టీ నాకు నిద్ర లేదు. ఎనిమిది మందిని ఒంటిచేత్తోనా? పదవే.”

ఈ విధముగా రెండవ దుర్గమును నేలమట్టమయ్యెను. జయభేరులు మ్రోగవలసిన సమయము. మ్రోగలేదు. బస్సులో కిటికీవైపు కూర్చున్న కూతురు, మూడవచోటు కూడ ఇంతేనని తలచినదో యేమో, అరచేతిని అద్దమునకానించి బయటకు చూచుచుండెను. చిన్ననాట జ్వరము వచ్చి బడి మానిన దినములలో, ఆడుకొను పిల్లల వంక ఇట్లే చూచెడిది. అమ్మ గొడుగు పిడిని ఇటు త్రిప్పి అటు త్రిప్పెను. గెలుపునకు ఒక్క అడుగు దూరమున నిలచి, గెలుపు నాలుకకు చేదుగా తగులుట ఆమె ఎరిగిన ఏ ఆపదయందును లేదు.

మూడవ స్థానము దుర్గము వలె లేదు. పడవలు బాగుచేయు షెడ్డు వెనుక, రంగువాసన నిండిన సందులో, ఒక గది. లోపల పొడవాటి బల్ల. బల్లపై తెల్లని తువాలు. తువాలుపై గొట్టములు, మూతలు, రబ్బరు చుట్లు, భోజనమునకు కూర్చున్న బంధువులవలె వరుసదీరి యున్నవి. గోడన గడియారము. దాని క్రింద కుర్చీలో, అమ్మ యీడుదే ఒక స్త్రీ, నెరసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకొని, వీపున యంత్రము ధరించి, ముక్కునకు క్లిప్పు బిగించి, నోట లావుపాటి గొట్టము కరచి, మణికట్టునందలి చిన్న తెరపై చూపు నిలిపి, కదలక మెదలక యుండెను.

“నమస్కారమండీ,” అన్నది అమ్మ.

ఉలుకు లేదు.

“మా అమ్మాయికి నేర్పించడం గురించి వచ్చాం.”

పలుకు లేదు. స్త్రీ ఒక వ్రేలు పైకెత్తి గడియారమును చూపి, మరల తెర చూడసాగెను.

“ఎంత పొగరో చూడవే! ఇంటికొచ్చినవాళ్లని పలకరించనైనా పలకరించదు. ఇంక నీళ్లలో అరిస్తే పలుకుతుందా?” అని అమ్మ తృతీయలోపము దొరికెనని లోలోన పొంగి, పాలకంటె వేగముగ పొంగి, తిరుగుప్రయాణమునకు గొడుగు సవరించుకొనెను. ఇంతలో గడియారపు పెద్దముల్లు ఒక అంకెనుండి పక్క అంకెను చేరెను. స్త్రీ నోటివద్ద నున్న మీటను త్రిప్పి మూసి, అది మూతపడెనో లేదో వ్రేలితో తడిమి, అటుపిమ్మటనే గొట్టము వెడలదీసెను.

“ఏమనుకోకండి. ఇది పెట్టుకుని కూర్చున్నప్పుడు మాట్లాడను. ఆక్సిజన్ సరిగ్గా కలుస్తోందా, నాకేమైనా తేడాగా ఉందా, ఇవన్నీ కుర్చీలోనే చూసుకోవాలి. అన్నీ ఇక్కడ బయటపడవు. బయటపడేవైనా నీళ్లలో దాకా రానివ్వకూడదు కదా. కూర్చోండి.”

అనుచునే ఆమె యంత్రము దింపి, గొట్టమొకటి పట్టి లాగి చూచెను. బల్లవద్దకు నడచెను. మరల వెనుకకు వచ్చి అదే గొట్టమును లాగెను. తువాలు సవరించెను. మూడవమారు వచ్చి లాగెను.

అమ్మ చేతిలోని గొడుగు జారెను.

“ఒకసారి లాగారు కదా,” అన్నది అమ్మ చాల మెల్లగా. “మళ్లీ ఎందుకు లాగారు?”

“లాగాను కదా అనుకున్నాను. అలా అనుకుంటున్నానంటే లాగలేదేమోనని.”

ఆహా! ఇన్నియేండ్లుగా మెట్లపై ఎక్కి దిగి, ఎక్కి దిగి, భర్తచే నవ్వబడి, కూతురిచే వేళాకోళము చేయబడి, ఇరుగుపొరుగుచే “తాళాలావిడ” యని పిలువబడిన ఆ వీరమాత, భూమండలమున తన భాష మాట్లాడు మరియొక ప్రాణిని నేటికి కనుగొనెను. కనులు చెమర్చెను. అయినను యుద్ధధర్మము తప్పరాదు. గొంతు సవరించుకొని చివరి అస్త్రము ప్రయోగించెను.

“మీ దగ్గర ఎంతమంది ఫెయిలయ్యారు?”

“చెబుతాను. ముందు మీరోసారి ఈ కుర్చీలో కూర్చుంటారా? అమ్మాయి దేంతో ఊపిరి పీలుస్తుందో మీకు తెలుస్తుంది. పెద్దముల్లు పక్క అంకె మీదకి వెళ్లేదాకా. మాట్లాడకూడదు, అంతే.”

కూతురు పకపక నవ్వెను. “మేడమ్, మా అమ్మని సముద్రం అడుక్కి దిగమనండి, దిగుతుంది. మాట్లాడకుండా ఉండమంటే...”

“నోరు మూసుకోవే. నాకేం చేతకాదా?” అని అమ్మ సింహాసనము నధిష్ఠించినట్లు కుర్చీ నధిష్ఠించెను. మేడమ్ యంత్రమును ఆమె వీపున తగిలించి, చిన్న తెరను మణికట్టునకు కట్టి, నోటిగొట్టమును మందునీళ్లతో కడిగి తుడిచి, ముక్కునకు క్లిప్పు పెట్టి, మీట తెరచుట, మూయుట చూపెను. “తీసేముందు ఇది మూయాలి. ఏం జరిగినా సరే.”

అమ్మ పీల్చెను. వదిలెను. వదిలినది మరల వచ్చెను. వెచ్చగా, తడిగా, మెత్తగా వచ్చెను. ఎంగిలి వాసన లేదు. ఆశ్చర్యపడుటకు ఆమె నోరు తెరవబోయి మానెను. ముల్లు కదలుచుండెను. ఇంతలో కూతురు గోడవారనున్న స్టూలు లాగుకొని కూర్చుండబోయెను. ఆ స్టూలునకు ఒక కాలు ఊగుచుండుట గదిలో అడుగిడినప్పుడే అమ్మ కనిపెట్టి యుండెను!

“ఆ స్టూలు మీద కూర్చోకే! కాలు ఊగుతోంది!”

నోటిగొట్టము అమ్మ ఒడిలో మీట తెరచుకొని పడియుండెను. మేడమ్ దానిని తీసికొని మూసి, అతిశాంతముగ పలికెను.

“ఫెయిల్.”

“ఎవరు?”

“మీరు. మూయకుండా తీశారు. నీళ్లలోనైతే మెషిన్ నిండా నీళ్లు.”

“మరి పిల్ల పడిపోతుందని...”

“స్టూలు సంగతి అమ్మాయి చూసుకుంటుంది. మీ ఊపిరి మీరు చూసుకోవాలి.” మేడమ్ బల్లకానుకొని నిలుచుండెను. “ఎంతమంది ఫెయిలయ్యారని అడిగారు కదా. ఈ ఏడాది మీతో కలిపి ముగ్గురు. ఒకాయన అప్పట్నుంచీ నాతో మాట్లాడడం మానేశాడు. బతికున్నాడు కాబట్టి మానేశాడు.”

అమ్మ కుర్చీ అంచునకు జరిగెను. “మా అమ్మాయినీ ఇలాగే చేస్తారా?”

“చెయ్యాల్సొస్తే చేస్తా.”

“నేనొచ్చి బతిమాలితే?”

“బతిమాలినా.”

ఇన్నాళ్లుగా అమ్మ హృదయమున మకాము వేసియున్న భయసేనలలో ఒక చిన్న దళము డేరాలు పీకుట మొదలిడెను. ఆమె కొంగుతో మొగము తుడుచుకొని, కళ్లద్దాలు సవరించి, చేయి చాచెను. “మళ్లీ ఇవ్వండి. మొదట్నుంచీ.”

ఆహా, అప్పుడు సాగిన సంగ్రామము నేమని వర్ణింతును! అమ్మ గొట్టము కరచినదో లేదో, కూతురి ఫోను మ్రోగెను. ఆఫీసు పెద్దసారు.

“అమ్మా, సాయంత్రం దాకా ఆగరట, ఎవరి దగ్గరో ఇప్పుడే చెప్పాలిట. ఏమనను? ఈవిడ దగ్గర చేరనా, వద్దా?”

అమ్మ పలుకలేదు. ముల్లు అంకెలనడుమ దారిలో నుండెను.

“చెప్పమ్మా. సార్ లైన్లో ఉన్నారు.”

పలుకలేదు. పైన ఫ్యాను రెక్క ఒకటి టకటకమనుచుండెను. అది ఊడిపడునని చెప్పవలెను. ఫోను పట్టిన చేయి బల్లపక్కనున్న బకెట్టునీళ్లపై నుండెను. అది జారునని చెప్పవలెను. కూతురి ఎడమకాలి బూటుతాడు ఊడి నాగుబామువలె నేలపై ప్రాకుచుండెను. అది తప్పక చెప్పవలెను! హెచ్చరికలు గజములై, తురగములై, పదాతులై కంఠద్వారమున క్రిక్కిరిసి ఘీంకరించెను. అమ్మ కనులెఱ్ఱబడెను. చెమట కణతలపై జారెను. ఆమె పీల్చెను. వదిలెను. మణికట్టు తెరపై అంకెను చూచెను. మరల పీల్చెను.

కూతురి మొగము వాడెను. “సరేలే. వద్దంటే వద్దు,” అని ఆమె ఫోను చెవికానించుకొనెను. “సార్, నేను ఈసారికి...”

చివాలున అమ్మ చేయి సాగి బిడ్డ మణికట్టును పట్టుకొనెను. ఎంత గట్టిగ పట్టినదనగా, రోడ్డు దాటునప్పుడు పట్టినంత గట్టిగ. కూతురు అమ్మ కన్నులలోనికి చూచెను. అచట “వద్దు” లేదు. “ఆగు” మాత్రముండెను.

“సార్... ఒక్క నిమిషం ఉండండి సార్. మా అమ్మ ఊపిరి పీలుస్తోంది.”

అవతల పెద్దసారు ఏమనుకొనెనో, అతడును మౌనము వహించెను. మేడమ్ చేతులు కట్టుకొని యుండెను. ఫ్యాను కూడ ఒక క్షణము టకటక మానినట్లుండెను. గడియారము, మహాభారమును మోయుచున్నదానివలె, ముల్లును జరిపి, జరిపి, తుదకు పక్క అంకెపై నిలిపెను.

జయము! కదలని కుర్చీలో, పొడినేలపై, చుక్కనీరు తాకకయే, పెద్దముల్లు ఒక్క గడి నడచునంతసేపు నోరు మెదపక ఊపిరి పీల్చి అమ్మ దిగ్విజయము సాధించెను! దిక్కులు పిక్కటిల్లలేదు. షెడ్డులో ఎవడో పడవకు మేకు కొట్టుచుండెను, అంతియే.

అమ్మ మీట మూసెను. మూతపడెనో లేదో తడిమెను. మరల తడిమెను. మూడవమారు తడిమి, మేడమ్ కేసి చూచెను. మేడమ్ తల ఊపెను. అప్పుడు గొట్టము తీసి, బిడ్డ చేయి విడువకయే, ఇంతసేపు దాచిన గొంతుతో అమ్మ అన్నది:

“చేరు. ఆవిడ ఫెయిల్ చేస్తే మాత్రం ఎదురు మాట్లాడకుండా ఇంటికొచ్చెయ్. ముందా బూటుతాడు కట్టుకోవే, పడతావు.”